సోరియాసిస్ ఉన్నవాళ్లంతా గుండె పరీక్షలు చేయించుకోవాలా?

గోదారిగట్టు:
మా తమ్ముడికి 31 ఏళ్లు. కాలేజీ రోజుల నుంచి సోరియాసిస్ ఉంది. తల, మోచేతులు, వీపు అయిపోయి ఇప్పుడు కాళ్లకూ పాకింది. ఈమధ్య మార్చిన స్కిన్ డాక్టర్ గారు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోమన్నారు. ఈ జబ్బు ముదిరినవాళ్లలో గుండెపోటు ఎక్కువని కూడా చెప్పారు. అప్పటి నుంచి ఇంట్లో టెన్షన్, అమ్మకి నిద్ర లేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే ట్రెడ్‌మిల్, ఎకో, సీటీ యాంజియో (గుండె రక్తనాళాల స్కాన్) అన్నీ కలిపి ప్యాకేజీ తీసుకోమంటున్నారు. మా మేనమామేమో చర్మానికీ గుండెకీ సంబంధమేంటి, ఇదంతా డబ్బు గుంజడానికే అంటున్నారు. ఈ సంబంధం నిజమేనా? నిజమైతే ఎంతవరకు పరీక్షలు చేయించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పీజీ_డెర్మా:
సంబంధం నిజమే. సోరియాసిస్ పైకి చర్మం మీద కనిపిస్తుంది కానీ, మూలం రోగనిరోధక వ్యవస్థలో ఉంది. మచ్చల్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే టీఎన్‌ఎఫ్, ఐఎల్-17 లాంటి రసాయనాలు రక్తంలోనూ తిరుగుతాయి. రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి కొవ్వు పేరుకునేలా చేసే వాపులోనూ ఇవే పాలు పంచుకుంటాయి.

దీని మీద అందరూ చెప్పుకునే అధ్యయనం 2006లో వచ్చింది. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ల రికార్డుల నుంచి లక్షా 30 వేల మంది సోరియాసిస్ రోగులను తీసుకుని, జబ్బు లేని ఐదున్నర లక్షల మందితో పోల్చారు. పొగ, బరువు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ తేడాలను సరిచేసి చూసినా, జబ్బు తీవ్రంగా ఉన్న 30 ఏళ్ల వ్యక్తికి గుండెపోటు ముప్పు 3 రెట్లు కనిపించింది. అదే 60 ఏళ్ల వ్యక్తికి 1.36 రెట్లే. అంటే వయసులో ఉన్నవాళ్ల గురించే ఎక్కువ ఆలోచించాలి. మీ డాక్టర్ గారు చెప్పింది సరైన మాట. మేనమామ గారికి కాస్త నచ్చజెప్పండి.

లెక్కల_మాస్టారు:
పీజీ గారూ, "3 రెట్లు" అని చెప్పి వదిలేస్తే ఆ తల్లికి ఈ రాత్రి కూడా నిద్ర ఉండదు. అదే అధ్యయనంలో ఉన్న మిగతా అంకెలు కూడా చెప్పాలి కదా. వెయ్యి మందిని ఏడాది పాటు గమనిస్తే, జబ్బు లేనివాళ్లలో సుమారు 3.6 గుండెపోట్లు. స్వల్ప సోరియాసిస్ ఉన్నవాళ్లలో 4. తీవ్రంగా ఉన్నవాళ్లలో 5.1. ఇవి అన్ని వయసులూ కలిపిన లెక్కలు. 30 ఏళ్లవాళ్లలో గుండెపోట్లే చాలా తక్కువ, ఆ తక్కువకు మూడు రెట్లన్నా తక్కువే.

రెండో సంగతి, అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పడం లేదు. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ నగరంలో 55 దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2013లో ఫలితాలు ఇచ్చారు. సోరియాసిస్ ఉన్నవాళ్లకు గుండె జబ్బులు ఎక్కువేమీ రాలేదు. 2015లో మళ్లీ బ్రిటన్ రికార్డులతోనే ఇంకో బృందం మరింత జాగ్రత్తగా లెక్క కట్టింది. ఈసారి ఆ ముప్పు కనిపించలేదు. అందులో కీళ్లవాతం ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువగా తేలింది.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. 2019లో బ్రిటన్, నార్వే ప్రజల జన్యు సమాచారంతో బరువుకూ సోరియాసిస్‌కూ ఉన్న సంబంధం ఎటు నుంచి ఎటో చూశారు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) ఒక్క అంకె పెరిగితే సోరియాసిస్ వచ్చే అవకాశం సుమారు 9 శాతం పెరుగుతోంది. సోరియాసిస్ వల్ల బరువు పెరుగుతుందనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. అదే బరువు గుండెనూ దెబ్బతీస్తుంది. అలాంటప్పుడు నేరం చర్మం మీద మోపడం న్యాయమా?

పీజీ_డెర్మా:
మాస్టారూ, అంకెలు బాగా చెప్పారు, కానీ రోటర్‌డామ్‌లో చాలామందికి జబ్బు స్వల్పంగానే ఉంది, పైగా అందరూ పెద్ద వయసువాళ్లు. 31 ఏళ్ల మనిషికి, ఒళ్లంతా పాకిన జబ్బుకు ఆ ఫలితాన్ని అంటగట్టలేం. తీవ్రత ఎంత అన్నదే అసలు ప్రశ్న. రోగి సొంత అరచేయి, వేళ్లతో సహా, ఒంట్లో దాదాపు 1 శాతం. మచ్చలన్నీ కలిపి పది అరచేతులు దాటితే తీవ్రమైనదిగా తీసుకుంటాం.

వాపును తగ్గిస్తే గుండెకు మేలని చూపిన ట్రయల్ కూడా ఉంది. 2017 నాటి క్యాంటోస్‌లో, అప్పటికే గుండెపోటు వచ్చిన 10 వేల మందికి పైగా రోగుల్లో కనకినుమాబ్ అనే ఇంజెక్షన్ కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండా వాపును మాత్రమే తగ్గించి, గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలను కలిపి 15 శాతం తగ్గించింది.

లెక్కల_మాస్టారు:
ఆ ట్రయల్‌లో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కూడా పెరిగాయి. ఆ తర్వాతి ఏడాది వచ్చిన సర్ట్ ట్రయల్‌లో, మీరు సోరియాసిస్‌కు మామూలుగా రాసే మెథోట్రెక్సేట్‌నే తక్కువ డోసులో 4,786 మంది మీద పరీక్షించారు. గుండెకు ఏ మేలూ జరగలేదు.

పీజీ_డెర్మా:
వాళ్లు సోరియాసిస్ రోగులు కారు. షుగర్ లాంటివి ఉన్న గుండె రోగులు. పైగా వాళ్లలో మెథోట్రెక్సేట్ వాపు గుర్తులను తగ్గించనే లేదు. తగ్గించని మందు మేలు చేయకపోతే, వాపుకూ గుండెకూ సంబంధం లేదని ఎలా అంటాం? అయితే ఒక్కటి ఒప్పుకోవాలి: ఆ వాపు రసాయనాలను అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు వేసుకుంటే సోరియాసిస్ రోగుల్లో గుండెపోట్లు తగ్గుతాయని నిరూపించిన పెద్ద ట్రయల్ లేదు. గుండె కోసమని ఎవరైనా అవి అమ్మజూపితే కొనకండి.

స్వప్న_నల్లగొండ:
మీరిద్దరూ నెదర్లాండ్స్, నార్వే అంటున్నారు. నాకు ఈ జబ్బు వచ్చి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో చర్మం చూపించుకోవడానికి పోయిన ఏ దవాఖానలోనూ ఒక్కసారి నా బీపీ చూడలేదు. బరువు చూడలేదు. ఆయింట్‌మెంట్ రాసి పంపిస్తారు. షుగర్ ఉందని తెలిసింది కూడా వేరే దేనికో రక్తం ఇచ్చినప్పుడే.

వాకింగ్ చేయమంటారు. ఎండాకాలం పొట్టి చేతుల జాకెట్ వేసుకుని పార్కుకు పోతే బెంచీ మీద పక్కనున్నవాళ్లు లేచిపోతారు. అంటుకోదని ఎంతమందికని చెప్పాలి? అందుకే ఇంట్లో ఉండిపోతాం, బరువు పెరుగుతాం. మాస్టారు గారూ, బరువే నేరస్థురాలు అంటున్నారు కదా, ఆ బరువు ఎలా వచ్చిందో మీ జన్యు లెక్కల్లో కనబడదు. మగవాళ్లయితే కొందరు దిగులుతో మందుకు, సిగరెట్లకు అలవాటు పడతారు. అదీ సోరియాసిస్ చేసిన పనే, నా దృష్టిలో. గుండెకు ముప్పు రసాయనాల నుంచి వచ్చిందా, దిగులు నుంచి వచ్చిందా అని మీరు తేల్చేలోపు మాకు పరీక్ష అయితే చేయండి.

లెక్కల_మాస్టారు:
స్వప్న గారూ, మీరు చెప్పిన దారి చాలా నిజం, నేను కాదనను. నా గొడవ పరీక్షతో కాదు, ప్యాకేజీతో. బీపీ, నడుం కొలత, షుగర్, కొలెస్ట్రాల్ చూడటానికి నేనెప్పుడూ అడ్డు చెప్పను. లక్షణాలు లేని కుర్రవాడికి సీటీ యాంజియో చేసి రేడియేషన్ ఇవ్వడానికి అడ్డు చెబుతాను. ఏ చిన్న నీడ కనబడినా ఇంకో పరీక్ష, దాని మీద ఇంకోటి.

మెడికల్‌షాప్_శీను:
షాపులో కూర్చున్నవాడిగా నా మాట. ముప్పు జబ్బు నుంచే కాదు, మందుల నుంచీ వస్తుంది. సోరియాసిస్‌కు ఇచ్చే మందుల్లో సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకు బీపీ పెరుగుతుంది, కిడ్నీలూ చూసుకోవాలి. అసిట్రెటిన్‌తో రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. అన్నిటికంటే ప్రమాదం స్టెరాయిడ్. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే వారంలో చర్మం నున్నగా అవుతుంది, జనం అక్కడికే పరుగెడతారు. షుగర్, బీపీ పెరుగుతాయి, ఆపగానే సోరియాసిస్ రెట్టింపుగా, ఒక్కోసారి చీము పొక్కులతో తిరగబడుతుంది. నాటు మందు పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్లున్నారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంది. మనసు చంపుకోకుండా చెబుతున్నా, చాలా షాపుల్లో ఇంకా అడిగితే ఇచ్చేస్తారు.

ఇంకోటి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లున్నారు. చీటీ మీద ఏ రోజో రాయించుకోండి. గుండెకు వాడే బీటా బ్లాకర్ మాత్రలతో కొందరికి సోరియాసిస్ ముదురుతుంది. అలాగని సొంతంగా ఆపొద్దు, ఇద్దరు డాక్టర్లకూ రెండు జబ్బుల సంగతీ చెప్పండి చాలు.

అట్లాంటా_రమణి:
ఇక్కడ అమెరికాలో ఈ గొడవ కొంత తేలింది. 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో సోరియాసిస్‌ను ముప్పు పెంచే అంశాల జాబితాలో చేర్చారు. అదే జాబితాలో దక్షిణాసియా వంశం కూడా ఉంది, అంటే మనమే. మా ఆయనకు 46 ఏళ్లు, సోరియాసిస్ ఉంది. వచ్చే పదేళ్లలో గుండె జబ్బు వచ్చే ముప్పు లెక్క అటూ ఇటూ కాకుండా మధ్యలో వచ్చింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడాలా వద్దా అన్నప్పుడు డాక్టర్ ఈ రెండు విషయాలూ చూసి మొదలుపెట్టమన్నారు. ప్యాకేజీలు ఏవీ చెప్పలేదు. 31 ఏళ్లకు కాల్షియం స్కోర్ (గుండె రక్తనాళాల్లో కాల్షియం ఎంత పేరుకుందో చూసే స్కాన్) చేయించి సున్నా వచ్చిందని సంబరపడటం కూడా మంచిది కాదట. ఆ వయసులో కొవ్వు ఇంకా మెత్తగా ఉంటుంది, కాల్షియం పట్టదు.

లెక్కల_మాస్టారు:
గోదారిగట్టు గారూ, ఇంతసేపూ మేం వాదించుకుంటున్నాం కానీ అడగాల్సింది అడగలేదు. తమ్ముడు సిగరెట్ తాగుతాడా? నాన్నగారికి, బాబాయిలకు గుండె జబ్బు ఉందా?

గోదారిగట్టు:
సిగరెట్ ఉంది మాస్టారూ, రోజుకు ఏడెనిమిది. నాన్నకు 51 ఏళ్లకే స్టెంట్ వేశారు. ఈమధ్య తమ్ముడికి పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయట. ఇది గుండెకు సంబంధం లేదనుకుని ముందు రాయలేదు.

లెక్కల_మాస్టారు:
అయితే మీ తమ్ముడికి సోరియాసిస్ లేకపోయినా పరీక్ష చేయించాల్సిందే. తండ్రికి 55 లోపు గుండె జబ్బు రావడం, సిగరెట్, ఈ రెండూ చాలు. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతావాళ్ల కంటే సగటున ఐదారేళ్లు ముందే, దాదాపు 53 ఏళ్లకు వస్తోందని 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపింది. చర్మం సంగతి ఎలా తేలినా, ముందు సిగరెట్ మాన్పించండి. పొగ సోరియాసిస్‌నూ పెంచుతుంది.

పీజీ_డెర్మా:
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకోటి కలుపుతాను. ఆ వేళ్ల బిగుతును అస్సలు వదిలేయకండి. సోరియాసిస్ ఉన్నవాళ్లలో 30 శాతం దాకా కీళ్లవాతం వస్తుంది, సాధారణంగా చర్మం మీద మచ్చలు వచ్చిన కొన్నేళ్లకు. పొద్దున అరగంటకు పైగా బిగుసుకుపోవడం, ఒక వేలు మొత్తం ఉబ్బిపోవడం, మడమ నొప్పి, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు ఉన్నాయేమో చూడండి. ఆలస్యమైతే కీలు వంకరపోతుంది, మళ్లీ తిన్నగా కాదు. మాస్టారు చూపిన 2015 అధ్యయనంలో కూడా ముప్పు కనిపించింది కీళ్లవాతం ఉన్నవాళ్లలోనే కదా. రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం డాక్టర్‌కు చూపించండి. ప్యాకేజీ డబ్బులు దానికి పెట్టండి.

పరీక్షల విషయానికొస్తే: బీపీ, నడుం చుట్టుకొలత (మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, మెథోట్రెక్సేట్ వాడుతుంటే లివర్ పరీక్షలు. ఛాతీలో నొప్పి, నడిస్తే ఆయాసం ఉంటేనే గుండె డాక్టర్ దగ్గరికి, అప్పుడు ఏ పరీక్షో ఆయన చెబుతారు.

స్వప్న_నల్లగొండ:
30 దాటినవాళ్లకు బస్తీ దవాఖానలోనే బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. నేను ఇప్పుడు అక్కడే చూపించుకుంటున్నా. పీజీ గారూ, మీ ఓపీలో బీపీ మెషీన్ ఉందా?

పీజీ_డెర్మా:
ఒకటి ఉంది, నర్సింగ్ రూమ్‌లో. సోరియాసిస్ ఓపీ ఉన్న రోజు దాన్ని బయటి బెంచీ దగ్గర పెట్టించి, చీటీ మీదే బీపీ రాయించమని మా సార్‌ను సోమవారం అడుగుతాను.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. గోళ్ల మీద గుంటలు ఉన్నాయి, ఎడమ చేతి ఒక వేలు వాచి ఉంది. రుమటాలజిస్టు దగ్గర గురువారానికి టైమ్ తీసుకున్నాం. సిగరెట్ గురించి మాత్రం ఇంకా మాట పడనివ్వడం లేదు.