మారడోనా ఛాయాచిత్రపు పరిమిత ప్రతి కొనవచ్చా?

ప్రశ్న: సికింద్రాబాద్ నుంచి

నమస్కారం. మా నాన్నగారు ఫతే మైదాన్‌లో ఫుట్‌బాల్ చూస్తూ పెరిగిన మనిషి. వచ్చే నెలలో ఆయనకు 85 ఏళ్లు నిండుతున్న సందర్భంగా, 1982 ప్రపంచ కప్పులో మారడోనా ఎదుట ఆరుగురు బెల్జియం ఆటగాళ్లు నిలిచి ఉన్న ఛాయాచిత్రాన్ని ఆయనకు బహుమతిగా ఇవ్వాలనుకుంటున్నాను. నగరంలోని ఒక దుకాణంలో 16×20 అంగుళాల ప్రతి ఉంది. కింద అంచున పెన్సిలుతో 212/500 అని, అంటే 500 ప్రతుల్లో 212వది అన్నట్టు, రాసి ఉంది, ఫోటోగ్రాఫర్ సంతకం మాత్రం లేదు. ఫ్రేముతో కలిపి 38,000 రూపాయలు చెబుతున్నారు, ధ్రువపత్రం కూడా ఇస్తామంటున్నారు. ఆ అంకెను నమ్మి అంత పెట్టవచ్చా?

జవాబు 1

ఆ అంకెను ఎవరు వేశారన్నదే మొదట తేల్చుకోవలసిన విషయం. ఆ చిత్రం తీసినవారు స్టీవ్ పావెల్. ఆయన గానీ, హక్కులున్న సంస్థ గానీ ఇన్ని ప్రతులకు మించి వేయబోమని మాట ఇస్తేనే 212/500కు విలువ ఉంటుంది. ఆ మాట కూడా ఒక్కో కొలతకు విడివిడిగా ఉండవచ్చు కనుక, 16×20లో 500 వేసి 20×24లో మరికొన్ని వేశారేమో అడగండి. దుకాణదారు సొంతంగా అచ్చు వేయించుకున్న ధ్రువపత్రం ఆయన లెటర్‌హెడ్‌తో సమానం. అందులో ఫోటోగ్రాఫర్ పేరు, ముద్రణ పద్ధతి, కాగితం రకం, ప్రతి వేసిన సంవత్సరం లేకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

వెళ్లేటప్పుడు గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి పట్టుకువెళ్లి, బెల్జియం ఆటగాళ్ల ఎర్ర జెర్సీల మీద పెట్టి చూడండి. గులాబీ, పసుపు చుక్కలు ముగ్గు పెట్టినట్టు వరుస కట్టి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు, అంటే కాగితం ఎంత మందంగా ఉన్నా క్యాలెండరుకు అన్నదమ్ముడే. రసాయనాలలో కడిగిన రంగుల ఫోటో కాగితమైతే చుక్కలు లేకుండా రంగు మెత్తగా పరుచుకుని ఉంటుంది. పిగ్మెంట్ ఇంకుతో నూలు కాగితం మీద వేసినదైతే సన్నటి తుంపర కనిపిస్తుంది గానీ అది వరుసలు కట్టదు. ఈ రెండింటిలో ఏదైనా సరే, కొనదగ్గదే. ఫ్రేము విప్పి చూపించనంటే మాత్రం అక్కడినుంచి లేచి వచ్చేయండి.

జవాబు 2

ఫ్రేము గురించి నేను నష్టపోయి నేర్చుకున్నది చెబుతాను. నా దగ్గరున్న ఒక మంచి ప్రతిని ఫ్రేము కట్టేవాడు ప్లైవుడ్‌కు జిగురుతో అంటించి, పైన అద్దం ఆనించేశాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి చెమ్మకు ఫోటో అద్దానికి అతుక్కుపోయింది, ఊడదీయబోతే గడ్డి మీది రంగు పొరలా లేచి వచ్చింది. అద్దానికీ ఫోటోకూ మధ్య ఆమ్లం లేని అట్టతో మౌంటు వేయించండి, ఫోటోను ఎక్కడా జిగురుతో అంటించనివ్వకండి. ఎండ పడే గోడా వద్దు, స్నానాలగది ఆనుకున్న గోడా వద్దు.

జవాబు 3

ఆ చిత్రం నాకూ ఇష్టమే, కానీ అందులో ఒక తమాషా ఉంది. ఆరుగురూ మారడోనాకు భయపడి చుట్టుముట్టినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి వాళ్లు ఫ్రీ కిక్‌కు అడ్డుగోడగా నిలబడి అప్పుడే విడిపోతున్నవాళ్లు. బంతిని అర్జెంటీనా జట్టులోని సహచరుడు ఆర్డిలెస్ పక్కకు తోయగా మారడోనా అందుకున్నాడు. ఆ ఆటలో బెల్జియమే 1-0తో గెలిచింది.

మీ నాన్నగారి వయసు చూస్తే, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ ఆయనకు మరింత దగ్గర కాదా? మన రహీం సాహెబ్ శిక్షణ, మన ఊరి బలరాం, యూసుఫ్ ఖాన్, గోల్‌లో తంగరాజ్! తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడిస్తే, దక్షిణ కొరియా మీద 2-1 గెలుపులో ఒక గోల్ ఆయనే కొట్టాడు. అయితే పాత ఫోటో కదా అని ఎక్కడో దొరికిన బొమ్మను ముద్రించుకుని అమ్మేవారి దగ్గర కొనకండి. 2012 సవరణ తర్వాత మన చట్టంలో ఛాయాచిత్రాల హక్కు, తీసిన వ్యక్తి జీవితకాలమూ ఆపైన 60 ఏళ్లూ ఉంటుంది. పైగా 16×20 అంగుళాల ప్రతికి అంగుళానికి 300 చుక్కల లెక్కన 4800×6000 పిక్సెళ్లు కావాలి, వాట్సాప్‌లో తిరిగే బొమ్మలో మామూలుగా అన్ని ఉండవు.

ప్రశ్నించినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం భూతద్దంతో వెళ్లాను. ఎర్ర జెర్సీలోనే కాదు, మారడోనా వీపు మీది 10 అంకె అంచుల్లోనూ చుక్కలు వరుసగా ఉన్నాయి. “మెషీన్ అలాగే వేస్తుంది సార్” అని దుకాణదారు 9,000కు దిగారు, నేను నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇంటికి వచ్చి జకార్తా మాట ఎత్తగానే నాన్నగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఆనాటి జట్టులో పదకొండు మందినీ గోల్‌కీపర్ మొదలుకొని వరుసగా చెప్పారు. కాబట్టి ఇప్పుడు నా ప్రశ్న మారింది. ఆ ఫైనల్‌నాటి అసలు ప్రతి, వెనుక ఫోటోగ్రాఫర్‌దో పత్రికదో ముద్రతో సహా, మీలో ఎవరి ఇంట్లోనైనా ఉందా? అమ్మనక్కరలేదు, ఒకసారి ఆయనకు చూపిస్తే చాలు.