షష్టిపూర్తి ఫోటో సాగదీస్తే కుర్చీలు వంకరపోతున్నాయి, ఎలా ఆపాలి?

అందరికీ నమస్తే. అమ్మానాన్నల షష్టిపూర్తి ఆల్బమ్‌కి 12 బై 36 అంగుళాల షీట్ చేస్తున్నా, ఫోటోనేమో 3:2 (వెడల్పు:ఎత్తు) నిష్పత్తిలో ఉంది, మామూలుగా లాగితే ఇద్దరూ లావైపోతున్నారు, క్రాప్ చేస్తే పైన మామిడి తోరణం పోతోంది. అందుకే ఫోటోషాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ లేయర్ అన్‌లాక్ చేసి, వాళ్ళిద్దరినీ సెలెక్ట్ చేసి ఆల్ఫా ఛానెల్‌గా (సెలెక్షన్‌ని దాచుకునే ఛానెల్) సేవ్ చేసి, కంటెంట్ అవేర్ స్కేల్‌లో (ముఖ్యమైనవాటిని వీలైనంత కదపకుండా మిగతాది సాగదీసే టూల్) ప్రొటెక్ట్ దగ్గర, అంటే సాగకుండా కాపాడాల్సింది చెప్పేచోట, అదే పెట్టా. మొహాలు బాగానే ఉన్నాయి కానీ కుర్చీ కాళ్ళు, వెనక కిటికీ ఊచలు అలల్లా వంగిపోతున్నాయి. కుర్చీలు కూడా సెలెక్షన్‌లో కలపాలా, లేక కొంచెం కొంచెంగా సాగదీయాలా? 3:2 నుంచి 3:1 అంటే వెడల్పు రెట్టింపు కదా, అంత సాగుతుందా అసలు? అమ్మ పట్టుచీర అంచు మాత్రం చెక్కుచెదరకూడదు. చేసినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్, శనివారం ప్రింట్‌కి ఇవ్వాలి.