పప్పులు, పిండ్లు అన్నీ జిప్ కవర్లలోకి మార్చేయొచ్చా, డబ్బాలే మేలా?

పెన్నాగట్టు (నెల్లూరు):
అందరికీ నమస్తే. మన నెల్లూరు సంగతి తెలిసిందే గదా, మిగతా జిల్లాల్లో వానలు వెనక్కి తగ్గే టైంకి మనకి మొదలవతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక అల్పపీడనం పోయిందనేలోపు ఇంకోటి, ఆ నెలల్లో వంటింట్లో ఏదీ కరకరలాడతా ఉండదు. అటుకులు మెత్తబడతాయి, ఉప్పు నీరు కారతాది, కారం గడ్డకడతాది, బొంబాయి రవ్వలో గూళ్ళు పడతాయి. అందుకని నా మాట ఏందంటే స్టీలు డబ్బాలు పక్కన పెట్టేసి అన్నీ జిప్ కవర్లలోకి మార్చేయాలి. డబ్బాలో సరుకు సగం అయ్యేకొద్దీ మిగతా సగం గాలే గదా, మూత తీసినప్పుడల్లా కొత్త తేమగాలి వచ్చి కూర్చుంటాది, అదే కవర్ అయితే తీసిన కాడికి గాలి వత్తేసి మూసుకోవచ్చు, లోపల ఏముందో కూడా కనబడతాది. ఇంట్లో పెద్దోళ్ళు మాత్రం ససేమిరా అంటుండారు. మీరేమంటారు?

కావలి కొట్టు:
అక్కా, మాది కిరాణా కొట్టు, రోజూ ఈ ప్యాకెట్లతోనే పని కాబట్టి చెబుతుండా. జిప్ కవర్ అని అందరం ఒకే మాట అంటాం గానీ అందులో రెండు రకాలు ఉండాయి. కాఫీ పొడికి వస్తాయి చూడండి, లోపల వెండిరంగు పొర ఉండేవి, అవి వేరే. మనం కట్ట లెక్కన కొనుక్కునే పల్చటి, లోపల కనబడే కవర్లు వేరే. పల్చటిది పాలిథీన్. నీటి తేమని అది బాగానే ఆపుతాది గానీ గాల్లో ఉండే ఆక్సిజన్‌ని, వాసనని ఆపలేదు, జిప్ ఎంత గట్టిగా పడినా ఆ ప్లాస్టిక్‌లో నుంచే నిదానంగా పోతా వస్తా ఉంటాయి. వెండిపొర ఉండేది రెండిటినీ చాలామటుకు ఆపుతాది. కాబట్టి మంచి ప్యాకెట్‌లో వచ్చిన కాఫీ పొడి, జీడిపప్పు లాంటివి దాన్ని చింపి పల్చటి కవర్లో పోయబాకండి, ఆ ప్యాకెట్‌నే మడిచి క్లిప్ పెట్టి డబ్బాలో దించండి. జంతికలు, చెక్కలు పాత నూనె వాసన వచ్చేది ఆక్సిజన్ వల్లే, చిప్స్ ప్యాకెట్లలో కంపెనీలు నైట్రోజన్ నింపేది అందుకే.

ఇంకోటి, శనగపిండి, రాగిపిండి జిప్ కవర్లో పోస్తే గాడిలో పిండి ఇరుక్కుంటాది, పైన చూస్తే మూసుకున్నట్టే ఉంటాది గానీ మూసుకోదు. పిండ్లకి మాత్రం నేను వద్దనే అంటా.

మార్కాపురం పలక:
అమ్మా, అసలు ఈ కవర్ల పిచ్చి ఎందుకో నాకు అర్థం కావట్లా. కందిపప్పుకి రొంత ఆముదం పట్టించి, బాగా ఎండబెట్టి, స్టీలు డబ్బాలో పోసి పైన నాలుగు ఎండుమిరపకాయలు, ఇంత వేపాకు పడేస్తే మా ఇళ్ళల్లో ఏడాదికి ఏడాది నిలవ ఉండింది. చింతపండు గింజ తీసి, ఉప్పు వేసి కుదేసి జాడీలో పెడతాం, దానికి ఏ జిప్ ఉండాది? పురుగు సంగతి కూడా చూడండి, బియ్యంలో, పప్పులో పుట్టే పెంకు పురుగుల్లో కొన్ని పల్చటి ప్లాస్టిక్‌ని కొరికి బొక్క పెట్టుకుని పోతాయి, బయటి నుంచి లోపలికీ వస్తాయి. స్టీలుని ఏం చెయ్యలేవు. ఈ జిప్ కవర్లని అమెరికాలో డౌ కంపెనీ 1968లో ఇళ్ళకి అమ్మడం మొదలుపెట్టింది, ఆడ మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి, పిల్లకాయలకి టిఫిన్ కట్టడానికి వాడుకుంటారు, మన మాదిరి బస్తా లెక్కన బియ్యం, ఏడాది పప్పు పోసుకునేదానికి కాదు. నాలుగు సార్లు వాడాక అవి పోయేది కాలవలోకే. వానొచ్చినప్పుడు నెల్లూరు వీధుల్లో నీళ్ళు ఎందుకు నిలబడతాయో మీకే బాగా తెలుసు.

పెన్నాగట్టు:
పెద్దాయనా, ఆముదం పప్పు మంచిదే, కాదన్ల. కానీ మీ మార్కాపురం ఎండ వేరు, మా ముసురు వేరు. నవంబరులో మాకు ఎండబెట్టడానికి ఎండ యాడుండాది? స్టీలు డబ్బాకి మూత అట్టా నొక్కి పెట్టేదే గదా, రబ్బరు రింగు ఉండదు, పక్కల నుంచి గాలి పోతానే ఉంటాది. పురుగు మాటకొస్తే, అది బయట నుంచి రావాల్సిన పని కూడా లేదు, ముక్కుపురుగు గింజకి బొక్క చేసి లోపలే గుడ్డు పెడతాది, కొనుక్కొచ్చిన బియ్యంలోనే ఉండొచ్చు. మరి స్టీలు డబ్బా మాత్రం ఏం కాపాడింది? నేను రవ్వ, గోధుమపిండి తెచ్చినప్పుడు జిప్ కవర్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెడతా. డబ్బాతో ఆ పని కాదు.

ఒంగోలు ల్యాబ్:
నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను, ఇప్పుడు టెస్టింగ్ పనిలోనే ఉన్నా. ఫ్రీజర్ మాట కరెక్టే మేడం, మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం 4 రోజులు ఉంచితే గుడ్లు, పురుగులు రెండూ చస్తాయి, ఇళ్ళల్లో ఫ్రీజర్ అంత చల్లగా ఉండకపోవచ్చు కాబట్టి వారం ఉంచండి. బయటికి తీశాక మాత్రం వెంటనే తెరవొద్దు. చల్లటి పిండికి బయట తేమగాలి తగిలితే నీరు పడుతుంది, కవర్ మూసే ఉంచి గది వేడికి వచ్చాకే తెరవాలి.

కానీ కవరా డబ్బానా అని మీరు వాదించుకుంటున్నారు గానీ నాకు భయం వేసేది వేరే చోట. లోపల పోసేది ఎంత ఎండింది? గట్టిగా మూసేది ఏదైనా సరే, బయట తేమని లోపలికి రానీయదు, అట్లాగే లోపల తేమని బయటికీ పోనీయదు. బియ్యంలో తేమ 14 శాతం లోపు ఉండాలి, వేరుశనగ గింజల్లో 7-8 శాతం దగ్గర ఉండాలి. సరిగ్గా ఎండని వేరుశనగలు తెచ్చి గాలి పోకుండా జిప్ వేశారంటే బూజు పడుతుంది, ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టిస్తాయి, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ తెప్పించే పదార్థం కూడా. వేయించితే పోతుందని చాలామంది అనుకుంటారు, ఇంటి పొయ్యి వేడికి అది పూర్తిగా పోదు. దయచేసి బూజు పట్టినవి, రంగు మారి ముడుచుకుపోయిన గింజలు ఏరి పారేయండి, కడిగి ఆరబెట్టి పచ్చడికి వాడొద్దు. ముసురులో ఎండ లేకపోతే పల్లీలైనా రవ్వైనా మూకుడులో సన్న సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాక మూయండి. వేడి మీద మూస్తే ఆవిరి మూతకి పట్టి మళ్ళీ అందులోకే దిగుతుంది.

మైపాడు తీరం:
అందరూ పప్పులూ పిండ్లే మాట్లాడుతుండారు, మా ఇంట్లో ఎండుచేపలు, ఎండురొయ్యలు లేని వానాకాలం ఉండదు. వాటికి జిప్ కవర్ మాత్రం చెప్పబాకండి. కొట్టు అన్న చెప్పిందే, వాసన ప్లాస్టిక్‌లో నుంచి బయటికి వచ్చేస్తాది, పక్కన ఉండే అటుకులు, టీ పొడి అన్నీ అదే వాసన. పైగా ఎండుచేప ముల్లు కవర్‌కి గుచ్చుకుంటే ఇంక ఆ జిప్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటాది గదా, రొంత మూత వదులైనా చేప చెమ్మ పట్టి మెత్తబడిపోతాది. రబ్బరు రింగు ఉండే గాజు సీసాలో పెట్టండి, అదొక్కటే నిలబడతాది.

కావలి కొట్టు:
కవర్లు కడిగి మళ్ళీ వాడేవాళ్ళకి ఒక మాట. తిరగేసి, లోపల పూర్తిగా ఆరాకే వాడండి, మూల్లో నీటిచుక్క ఉన్నా బూజుకి అది చాలు. కోడి కూర, చేప పెట్టిన కవర్‌ని మళ్ళీ తినే సరుకుకి వాడొద్దు. పలక అన్న చెత్త మాటకి నేనూ ఒప్పుకుంటా. వెండిపొర ప్యాకెట్లు రెండు మూడు రకాల పొరలు అతికించి చేసేవి, వాటిని విడదీయడం కష్టం కాబట్టి పాత ప్లాస్టిక్ కొనేవాళ్ళు ఎత్తుకోరు. చాలామంది అడుగుతుండారు, ప్లాస్టిక్ మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలనే రూల్ వీటికి లేదా అని. అది చేతిసంచులకి, 2022 డిసెంబరు 31 నుంచి వచ్చింది. సరుకుల ప్యాకెట్లకి కాదు.

పెన్నాగట్టు:
సరే, ఎండుచేపలు సీసాలోకి, పిండి మాత్రం ఫ్రీజర్ అయ్యాక రబ్బరు మూత డబ్బాలోకి పోస్తా. పప్పు కూడా పలక పెద్దాయన చెప్పినట్టే. అటుకులు, మరమరాలు, సేమ్యా మాత్రం జిప్‌లోనే. వీటిలో నూనె పెద్దగా ఉండదు, వీటికి ఎక్కువ చేటు చేసేది తేమే, దాన్ని ఆ కవర్ ఆపుతాదని కొట్టు అన్నే చెప్పాడు. కారం కూడా జిప్‌లోనే పెడతా, గడ్డ కట్టకుండా ఉంటాది.

మార్కాపురం పలక:
కారం మాత్రం వద్దమ్మా. కనబడే కవర్లో పోసి అరమీద పెడితే వెలుతురికి, గాలికి ఎర్రదనం పోయి ఇటుకపొడి రంగు వస్తాది, గాజు సీసా అయినా ఇంతే. మిరపకాయల్ని పెళుసుగా ఎండబెట్టి కొట్టించి, రొంత ఉప్పు కలిపి, జాడీలో కుదేసి చీకటి మూల పెట్టు. రోజువారీకి చిన్న డబ్బాలో తీసుకో, తడి స్పూన్ పెట్టబాక.

పెన్నాగట్టు:
జాడీ కొనాలంటే ఎన్ని కేజీలది తీసుకోవాలి పెద్దాయనా? ఏడాదికి మాకు 3 కేజీల కారం పడతాది.