ఓటర్ల పుస్తకంలోని ఖర్చు అంచనాను ఎలా చదవాలి?

ప్రశ్న – కొత్త ఓటరు

కాలిఫోర్నియాలో నేను మొదటిసారి ఓటు వేసింది 2024 నవంబరులో. ఇంటికి వచ్చిన ఓటర్ల సమాచార పుస్తకంలో ప్రతి ప్రొపోజిషన్‌కూ (ప్రజలే నేరుగా ఓటు వేసి తేల్చే ప్రతిపాదనకు) అనుకూల, వ్యతిరేక వాదనలతో పాటు లెజిస్లేటివ్ అనలిస్ట్, అంటే శాసనసభకు ఆర్థిక విషయాల్లో సలహా ఇచ్చే అధికారి, రాసిన నిష్పాక్షిక విశ్లేషణ కూడా ఉంటుంది. వాదనలను పక్కన పెట్టి నేను ఆ విశ్లేషణనే రెండుసార్లు చదివాను. బడి భవనాల బాండ్లకు సంబంధించిన ప్రొపోజిషన్ 2 దగ్గర, ఏటా సుమారు 500 మిలియన్ డాలర్ల చొప్పున 35 ఏళ్లు తీర్చాలని ఒకే అంకె ఉంది. కొన్ని నేరాలకు శిక్షలు పెంచే ప్రొపోజిషన్ 36 దగ్గర మాత్రం, రాష్ట్రానికయ్యే ఖర్చు ఏటా కొన్ని పదుల మిలియన్ల నుంచి వందల మిలియన్లలో తక్కువ మొత్తాల దాకా ఉండవచ్చని రాశారు. ఇంత ఎడం ఉన్న అంచనాతో ఓటరు ఏం చేయాలి? శాసనసభ నియమించే కార్యాలయం పార్టీలకు అతీతంగా ఎలా ఉండగలదు? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 – పద్దుల మనిషి

నేను ఒక కౌంటీలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి ఈ విశ్లేషణలు తరచూ చదువుతుంటాను. మీరు చూసిన తేడా కొలిచేవారి అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, కొలుస్తున్న వస్తువే వేరు. బాండ్ల విషయంలో అసలు ఎంతో చట్టంలోనే ఉంటుంది, వడ్డీని అంచనా కడితే వాయిదా తేలుతుంది. శిక్షల విషయంలో అలా కాదు. ప్రాసిక్యూటర్లు ఎన్ని కేసులను కొత్త సెక్షన్ల కింద పెడతారు, న్యాయమూర్తులు ఎంతకాలం శిక్ష వేస్తారు, చికిత్సకు ఒప్పుకునేవారు ఎందరు అన్నవన్నీ మనుషుల నిర్ణయాలు. అక్కడ ఒకే అంకె వేసి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

బాండ్ల అంకెను కూడా తొందరపడి చదవకండి. 500 మిలియన్లను 35తో హెచ్చిస్తే 17.5 బిలియన్లు అవుతుంది, బాండ్లతో అప్పు తెచ్చేది 10 బిలియన్లే కదా అని చాలామంది ఉలిక్కిపడతారు. కానీ 35వ ఏట కట్టే డాలరుకు ఇవాళ్టి డాలరు విలువ ఉండదు. పైగా 2024-25లో రాష్ట్ర సాధారణ నిధి బడ్జెట్ సుమారు 211 బిలియన్లు. అందులో 500 మిలియన్లంటే పావు శాతానికి కాస్త తక్కువ. భారం లేదనడం లేదు, దేనితో పోల్చి చూడాలో చెబుతున్నాను.

ఇక మీ రెండో ప్రశ్న. ఈ కార్యాలయం 1941 నుంచి ఉంది. అనలిస్టును నియమించేది ఉభయ సభల సంయుక్త బడ్జెట్ సంఘం. గవర్నరుకు ఆ కార్యాలయం జవాబుదారీ కాదు. 1990లో ప్రొపోజిషన్ 140 శాసనసభ ఖర్చుకు కత్తెర వేసినప్పుడు ఇక్కడి సిబ్బంది సగానికి పైగా తగ్గిపోయారు, అయినా పని ఆగలేదు. 2019 నుంచి గేబ్రియల్ పెటెక్ అనలిస్టుగా ఉన్నారు.

జవాబు 2 – వరుస లెక్క

పై జవాబుకు ఒకటి చేరుస్తాను, నా దృష్టిలో అసలు కీలకం ఇదే: ఏ అంకెనైనా ఎక్కడి నుంచి కొలిచారో తెలియకుండా వాడకూడదు. 2023 శీతకాలపు తుపానుల వల్ల రాష్ట్రంలో చాలామందికి పన్ను గడువును నవంబరు 16 దాకా పొడిగించారు. అందువల్ల ఆదాయం ఎంత పడిపోయిందో బడ్జెట్ ఆమోదం పొందేనాటికి ఎవరికీ తెలియలేదు. డిసెంబరులో అనలిస్టు కార్యాలయం 68 బిలియన్ల లోటు ఉందని చెప్పింది. 2024 జనవరిలో గవర్నరు సుమారు 38 బిలియన్లన్నారు. అబద్ధం ఎవరిదని అప్పట్లో చాలాచోట్ల వాదనలు నడిచాయి. నిజానికి అబద్ధం ఎవరిదీ కాదు. గవర్నరు పక్షం ఆదాయాన్ని ఎక్కువగా అంచనా కట్టింది, బడుల ఖర్చులో వచ్చే తగ్గింపులో చాలా భాగాన్ని లోటు పూడ్చే చర్యగా లెక్కించలేదు. గవర్నరు ప్రతిపాదననే తన పద్ధతిలో కొలిచి, అది పూడుస్తున్నది 58 బిలియన్ల లోటని అనలిస్టు కార్యాలయం రాసింది. బడ్జెట్ ఒకటే, గీత గీసిన చోటు వేరు.

జవాబు 3 – అద్దె ఇంటివాడు

నాకు ఆ కార్యాలయం పట్ల గౌరవం ఉంది, అయినా ఒక పరిమితి చెప్పాలి. గవర్నరు బడ్జెట్‌పై వారు సిఫార్సులు చేస్తారు, ప్రొపోజిషన్లపై మాత్రం చేయరు. అందుకని ఒక్కొక్క మాటనూ పట్టి చూసుకోవలసిన బాధ్యత మనదే. అద్దె నియంత్రణకు సంబంధించిన ప్రొపోజిషన్ 33 చూడండి. స్థానిక ఆస్తి పన్ను ఆదాయం ఏటా ‘కనీసం’ పదుల మిలియన్లు తగ్గుతుందన్నారు. అద్దె తగ్గితే భవనం విలువ, దానితో పన్ను తగ్గుతుందన్నది వారి తర్కం. ఆ ‘కనీసం’ అన్న మాట కింది హద్దునే చెబుతుంది, పై హద్దు లేదు. ఎన్ని నగరాలు కొత్త నియంత్రణలు తెస్తాయో ముందుగా చెప్పలేరు కాబట్టి అలా వదిలేశారు. అద్దెకుండేవారికి మిగిలే డబ్బు ఆ సారాంశపు వాక్యంలోకి రాదు, ఎందుకంటే అది చెప్పేది ప్రభుత్వ ఖజానా సంగతి. ఖజానాకు నష్టమన్నంత మాత్రాన ప్రజలకు నష్టమని చదవడం పొరపాటు. ఆ పొరపాటు నేను ఒకసారి చేశాను.

కొత్త ఓటరు

ముగ్గురికీ ధన్యవాదాలు. ప్రొపోజిషన్ 36 పేజీ మళ్లీ తీసి, ఈసారి మొత్తాలను వదిలి ‘ఉండవచ్చు’, ‘ఆధారపడి ఉంటుంది’ అన్న చోట్ల గీతలు గీశాను. ఒక్క పేజీలోనే చాలా గీతలు పడ్డాయి. వరుస లెక్క గారూ, ప్రొపోజిషన్‌ను ఓటుకు పెట్టించడానికి జరిగే సంతకాల సేకరణకు ముందే వేసే అంచనాను ఈ కార్యాలయమూ గవర్నరు ఆర్థిక శాఖా కలిసి తయారుచేస్తాయని చదివాను. మీరు చెప్పినట్టు ఇద్దరూ గీతను వేర్వేరు చోట గీసేవారైతే, ఒకే కాగితం మీద అంకె ఎలా కుదురుతుంది?