ఇథియోపియా–ఎరిట్రియా సరిహద్దు శాంతిదళాన్ని ముగించడం సరైనదేనా?

తిరుమలగిరి మాజీ సైనికుడు:
1998–2000 యుద్ధం తరువాత ఆ రెండు దేశాల మధ్య నిలిపిన ఐక్యరాజ్యసమితి శాంతిదళాన్ని భద్రతామండలి 2008 జూలై 31తో ముగించడం పెద్ద పొరపాటు. మన పటాలంతో నేను అక్కడ పనిచేశాను. 2005 అక్టోబరులో ఎరిట్రియా మా హెలికాప్టర్లను నిషేధించాక, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న సహచరుణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, గులకరాళ్ళ బాటలో గంటల తరబడి జీపులో తీసుకువెళ్ళాం. 2007 డిసెంబరులో ఇంధనం కూడా ఆపేశారు. చివరికి అలా వేధించినవారి పంతమే నెగ్గింది.

నాగోలు వాసి:
మీ బాధ అర్థమైంది కానీ, హెలికాప్టర్లకు ముందు జరిగినది మీరు చెప్పలేదు. సరిహద్దు కమిషన్ తీర్పుకు కట్టుబడతామని 2000 డిసెంబరులో అల్జీర్స్‌లో సంతకం చేసిన ఇథియోపియా, 2002 ఏప్రిల్‌లో వచ్చిన ఆ తీర్పులో, ఇద్దరూ తమదేనన్న బాద్మే అనే ఊరు ఎరిట్రియా వైపు వచ్చినా దాన్ని అప్పగించలేదు. పైగా రెండు సైన్యాలను దూరంగా ఉంచడానికి శాంతిదళం కాపలా కాసిన 25 కిలోమీటర్ల వెడల్పు పట్టీ మొత్తం ఎరిట్రియా నేలలోనే ఉండేది. మా నాన్నగారి ప్లాటు విషయంలో తీర్పు మాకే వచ్చినా, పక్కవారి గోడ తొమ్మిదేళ్ళు కదలలేదు. ఆ కడుపుమంట నాకు తెలుసు.

మౌలాలి పాఠకుడు:
దళం వెళ్ళాక యుద్ధమేమీ రాలేదు కదా. 2018లో రాజీ కూడా కుదిరింది.

తిరుమలగిరి మాజీ సైనికుడు:
2016 జూన్‌లో అదే సరిహద్దులో త్సొరోనా దగ్గర రెండు సైన్యాల మధ్య జరిగిన పోరును ఏమంటారు? 1967లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ పొమ్మనగానే, ఇజ్రాయెల్ సరిహద్దున ఉన్న సినాయ్ నుంచి అప్పటి ఐక్యరాజ్యసమితి దళాన్ని కదిలిస్తే, మూడు వారాలు తిరగకుండానే ఆ రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చి, ఇంకా గాజాలోనే ఉన్న మన జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ప్లాటు గోడతో దీన్ని పోల్చకండి.

నాగోలు వాసి:
గోడ మాట వదిలేస్తాను, మీరూ సినాయ్ వదిలి నా ప్రశ్నకు జవాబు చెప్పండి. తీర్పు అమలు కానప్పుడు మధ్యలో నిలబడిన దళం ఎవరికి మేలు చేసినట్లు? ఊరు ఎవరి చేతిలో ఉందో వారికే కదా!

తిరుమలగిరి మాజీ సైనికుడు:
ఆ మాట నన్ను గాయపరిచింది. హద్దురాళ్ళు పాతవలసిన చోట మందుపాతరలు తీసే పని కూడా ఈ దళానికే అప్పగించారు. కానీ ఊరు ఖాళీ చేయించే అధికారం మాకు ఎవరూ ఇవ్వలేదు. తీర్పును అమలు చేయించవలసిన భద్రతామండలి ఆ పని చేయలేదని మీరంటే ఒప్పుకుంటాను. కాపలా కాసినవారే అన్యాయానికి కొమ్ముకాశారంటే మాత్రం ఒప్పుకోను.

నాగోలు వాసి:
జవాన్లను నేను తప్పుపట్టడం లేదు. అమలు చేయించే ఉద్దేశం మండలికి లేనప్పుడు మిమ్మల్ని అన్నేళ్ళు అక్కడ నిలబెట్టడమే తప్పంటున్నాను.