చైనా రాజుల అంతఃపురం సీరియల్ ‘యాన్షీ ప్యాలెస్’ చూస్తున్నవాళ్లకి: ఎవరిది ఏ హోదానో పట్టుకోవడం ఎలా?

గోదారిగట్టు:
మొత్తం 70 ఎపిసోడ్లు. మొదటి పది దాటేదాకా రాణులంతా ఒకేలా కనిపిస్తారు. పేర్లు బట్టీ పట్టకండి, బిరుదు పట్టుకోండి. ‘లింగ్ ఫేయ్’లో లింగ్ బిరుదు, ఫేయ్ హోదా. కింది నుంచి వరస ఇదీ: దాయింగ్, చాంగ్‌జాయ్, గుయ్‌రెన్, పిన్, ఫేయ్, గుయ్‌ఫేయ్, హువాంగ్ గుయ్‌ఫేయ్, పైన మహారాణి. సబ్‌టైటిల్స్‌లో సగం హోదాలకి ‘కాన్సార్ట్’ (రాజుగారి భార్య) అనే వేస్తారు. తికమక అక్కడే. చైనీస్ మాట చెవిన వేసుకోండి.

రాత్రిషో:
లెక్క కూడా తెలియాలి. నియమం ప్రకారం పిన్‌లు ఆరుగురు, ఫేయ్‌లు నలుగురు, గుయ్‌ఫేయ్‌లు ఇద్దరు, హువాంగ్ గుయ్‌ఫేయ్ ఒక్కరే. గుయ్‌రెన్ నుంచి కిందికి పరిమితి లేదు. అంటే పైన చోటుంటేనే ఎదుగుదల. ఒకరు కడుపుతో ఉన్నారని, ఇక హోదా పెరగొచ్చని తెలియగానే మిగతావాళ్ల ముఖాలు మారేది అందుకే. ఏడాదికి వెండి దాయింగ్‌కి 30 లియాంగ్‌లు, ఫేయ్‌కి 300, మహారాణికి 1000. లియాంగ్ అంటే సుమారు 37 గ్రాములు.

పట్టుపోగు:
చెవులు చూడండి. ఒక్కో చెవికి మూడేసి పోగులు, అది అప్పట్లో చైనాని ఏలిన మంచూల ఆచారం. అంతఃపురం ఎంపికకి వచ్చిన అమ్మాయిలు ఒక్క పోగుతోనే కనిపిస్తున్నారని చియాన్‌లాంగ్ (ఈ కథలోని చక్రవర్తే) 1775లో మందలించాడు కూడా. తలమీద వెడల్పాటి పలకలాంటి అలంకారం 19వ శతాబ్దం చివరి ఫ్యాషన్. ఇందులో జుట్టు తలకి అంటిపెట్టుకునే ఉంటుంది, అదే సరైనది.

మల్లెచెండు:
మహారాణి ఫూచా తలలో పూలు గుడ్డవా?

పట్టుపోగు:
కాదండీ, పట్టుదారంవి. నాన్‌జింగ్ పనితనం. రాగితీగని బొగ్గుల మీద కాల్చి మెత్తబరుస్తారు. దువ్విన పట్టుపోగుల్ని రెండు తీగల మధ్య పరిచి, ముక్కలుగా కోసి మెలిపెడితే సీసాలు తోమే బ్రష్‌లా గుండ్రంగా విచ్చుకుంటుంది. తర్వాత కత్తెరతో రేకు ఆకారం తెచ్చి, రేకులన్నీ కట్టి పువ్వు చేస్తారు. మెలిక వదులైతే పోగులు రాలిపోతాయి. ముత్యాలు, పచ్చలు వద్దని ఫూచా పూలే పెట్టుకునేదని చరిత్రలోనూ ఉంది. ఆమె పొదుపుని మాటల్లో చెప్పకుండా తలలోనే చూపించారు, చాలా నచ్చింది.

రాత్రిషో:
ఇకపై కథ బయటపడుతుంది, చూడనివాళ్లు ఆగండి. ఫూచా గోడ మీంచి దూకడం కల్పన. 1748లో చక్రవర్తితో తూర్పు యాత్రకి వెళ్లినప్పుడు దెజౌ అనే ఊరి దగ్గర జబ్బుచేసి పోయింది. రెండో మహారాణి జుట్టు కోసుకోవడం మాత్రం జరిగిందే, 1765 దక్షిణ యాత్రలో. మంచూ ఆడవాళ్లు భర్త పోయినప్పుడు జుట్టు కోసుకుంటారు. చక్రవర్తి బతికుండగా కోసుకుంటే అతని చావు కోరినట్టే. ఇది తెలియకపోతే అక్కడున్నవాళ్లంతా ఎందుకంత వణికిపోయారో అర్థం కాదు.