కర్నూలులో ఆర్గానిక్ షాపును నమ్మేదెట్లా? ఏ కాగితం అడగాలి?

హంద్రీ_గట్టు (ప్రశ్న)
నెలకు మాకు సోనా మసూరి బియ్యం 25 కేజీలు, కొర్రలు 5, కందిబ్యాళ్లు 3, బుడ్డల (వేరుశనగ) నూనె 5 లీటర్లు, కొంచెం పసుపు కావాలి. రెండు షాపులు చూసినాం. ఒకదాంట్లో అన్నీ సీల్ ప్యాకెట్లే, ధర మామూలు సరుకుకు దాదాపు రెట్టింపు. ఇంకోదాంట్లో గోనెసంచుల్లో లూజు సరుకు, గోడకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్. "మా రైతులదే సార్" అంటారు, ధర కాస్త తక్కువ. ఏది నమ్మాలి? ఆ ఫ్రేములో ఏం చూడాలి?

కొర్రబువ్వ
షాపు మంచిదా కాదా అని కాదన్నా, సంచి సంచికీ అడగాల్సిందే. సర్టిఫికెట్ ఉండేది పొలానికి, పంటకు, మిల్లుకు, ప్యాకింగ్‌కు. సీల్ ప్యాకెట్ తెచ్చి అట్లే అమ్మే షాపుకు వేరే సర్టిఫికెట్ అక్కరలేదు. అదే 50 కేజీల సంచి విప్పి, కేజీ కవర్లలో పోసి సొంత లేబుల్ అంటిస్తే మాత్రం ఆ ప్యాకింగ్ చేసినవాళ్ల పేరు మీద కూడా సర్టిఫికెట్ ఉండాలి. కల్తీకి ఎక్కువ సందు దొరికేది అక్కడే.

ఫ్రేములో ఉండేది చాలాసార్లు మొదటి పేజీ మాత్రమే. ఎన్‌పీఓపీ అనే కేంద్ర ప్రభుత్వ సర్టిఫికెట్ పద్ధతిలో (ఎగుమతుల సంస్థ అపెడా చూసేది ఇదే) దాన్ని స్కోప్ సర్టిఫికెట్ అంటారు. అసలు సంగతి వెనక అనుబంధంలో ఉంటుంది: ఏ పంట, ఎంత విస్తీర్ణం, ఎంత దిగుబడి, పూర్తి ఆర్గానిక్కా లేక ఇంకా కన్వర్షన్‌లో (మామూలు సేద్యం నుంచి ఆర్గానిక్‌కు మారే దశలో) ఉందా. ఏడాది పంటలకైతే విత్తే ముందు 2 ఏళ్లు, మామిడి లాంటి తోటలకైతే కోతకు ముందు 3 ఏళ్లు కన్వర్షన్ కింద గడవాలి. కాగితం చెల్లేది ఏడాదే కాబట్టి తేదీ చూడండి. పేరు షాపుదా, రైతు సంఘానిదా, ఇంకెవరిదో జిరాక్సా అదీ చూడండి.

తర్వాత కొంచెం లెక్క. వర్షాధారం కొర్ర ఎకరాకు 5 క్వింటాళ్లు అనుకుందాం. కాగితంలో 2 ఎకరాలుంటే 10 క్వింటాళ్ల ధాన్యం, పొట్టు తీస్తే 6, 7 క్వింటాళ్ల బియ్యం. ఆ ఒక్క కాగితం మీదే ఏడాది పొడుగునా కొర్రబియ్యం అమ్ముతుంటే మిగతాది ఎక్కడిదో వాళ్లే చెప్పాలి. లూజు సరుకైతే సంచి మీది లాట్ నంబరు, వాళ్లు కొన్న బిల్లు, ఆ లాట్ అమ్మకానికి సర్టిఫికెట్ సంస్థ ఇచ్చిన ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ అడగండి. మూడింట్లో పేరు, పంట, బరువు కలవాలి.

ప్యాకెట్ మీదైతే జైవిక్ భారత్ గుర్తు (ఆర్గానిక్ ఆహారానికి వేసేది), దాంతోపాటు ఇండియా ఆర్గానిక్ (ఎన్‌పీఓపీది) లేదా పీజీఎస్ (రైతులే గుంపుగా తనిఖీ చేసుకునే పద్ధతి) గుర్తు, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు ఉంటాయి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు బజ్జీల బండికి కూడా ఉంటుంది, అది ఉన్నంత మాత్రాన ఆర్గానిక్ కాదు. అయినా ఆ నంబరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫాస్కాస్ సైటులో కొట్టి చూడండి. వేరే పేరు వస్తే ఇక బేరం అక్కర్లేదు.

పెన్నేటి_రాయి (అనంతపురం)
పైన చెప్పింది సరే గానీ, అన్నిటికీ ఎన్‌పీఓపీ కాగితమే అడిగితే మన దగ్గరి చిన్న రైతులంతా పక్కకు పోతారు. పీజీఎస్ అనే ఇంకో పద్ధతి ఉంది, కేంద్ర వ్యవసాయ శాఖది. కనీసం 5 మంది రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. పీజీఎస్ గ్రీన్ అంటే ఇంకా కన్వర్షన్‌లో ఉన్నట్టు, పీజీఎస్ ఆర్గానిక్ అంటే పూర్తయినట్టు. గ్రీన్‌ను ఆర్గానిక్ ధరకు అమ్మే షాపులు ఉన్నాయి, గమనించండి.

ఏడాది టర్నోవరు 12 లక్షలు దాటని చిన్న రైతు, రైతు సంఘం నేరుగా తినేవాళ్లకు అమ్ముకుంటే సర్టిఫికెట్ నుంచి మినహాయింపు కూడా ఉంది, జైవిక్ భారత్ గుర్తు మాత్రం వేసుకోకూడదు. ఈ మినహాయింపు రైతుది, మధ్యలో కొని అమ్మే షాపుది కాదు. "మా రైతులదే సార్" అనేవాళ్లు దీన్నే అడ్డం పెట్టుకుంటారు.

రాష్ట్ర ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ పథకం కింద పండించినదీ సర్టిఫైడ్ ఆర్గానిక్కూ ఒకటి కావు. సరుకు మంచిదే కావచ్చు, కానీ థర్డ్ పార్టీ (బయటి సంస్థ ఇచ్చే) సర్టిఫికెట్ ధర దానికి ఎందుకివ్వాలి? చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ వాళ్ల ధరణి లాంటి రైతు సహకార సంఘాల సరుకైతే ఏ ఊరి పంటో అడిగి తెలుసుకునే వీలుంటుంది.

హంద్రీ_గట్టు
లూజు షాపాయన ల్యాబ్ రిపోర్టు కూడా చూపించినాడు, అన్నీ "నాట్ డిటెక్టెడ్". అది చాలదా? పురుగు పడితే ఆర్గానిక్కే అని కూడా అన్నాడు.

గానుగ_మావ (ప్రొద్దుటూరు)
చాలదు. రిపోర్టులో లాట్ నంబరు, ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు ఇచ్చే జాతీయ గుర్తింపు) ఉందా, ఎన్ని మందులకు పరీక్ష చేసినారు, ఏ స్థాయి దాకా పట్టగలరు అన్నవి చూడండి. జాబితాలో లేని మందు "నాట్ డిటెక్టెడ్"లోకి రాదు. గ్లైఫోసేట్ అనే కలుపుమందు మామూలు మల్టీ రెసిడ్యూ (ఒకేసారి చాలా మందులు వెతికే) పరీక్షలో దొరకదు, దానికి వేరే పరీక్ష. యూరియా, డీఏపీ వేసినారా అన్నది ఈ రిపోర్టుతో అసలు తేలదు. చట్టం ప్రకారం ఆర్గానిక్ సరుకులో పురుగుమందు అవశేషం మామూలు పరిమితిలో 5% లేదా పరికరం కొలవగల కనీస స్థాయి, రెంట్లో ఏది ఎక్కువైతే అది దాటకూడదు.

పురుగు మాట వదిలేయండి. మందు కొట్టి పండించిన బియ్యం కూడా 12% కంటే తేమగా నిల్వ పెడితే పురుగు పడుతుంది.

నూనె సంగతి. గానుగ నూనె అంటే ఆర్గానిక్ అని కాదు, బుడ్డలు ఎక్కడివన్నదే లెక్క. లీటరుకు సుమారు 2.5 కేజీల గింజలు పడతాయి. గింజలు కేజీ 150 అనుకున్నా గింజల ఖర్చే 375. చెక్క (నూనె తీసినాక మిగిలే పిప్పి) అమ్మితే కొంత వెనక్కొస్తుంది, ఆడించే కూలి, సీసా ఖర్చు మళ్లీ మీద పడతాయి. ఆర్గానిక్ గానుగ నూనె 250కే ఇస్తామంటే అందులో ఏం కలిసిందో ఊహించుకోండి.

ఇంకోటి, ఆర్గానిక్ బుడ్డలకు బూజు విషం రాదనుకోవద్దు. మన సీమలో కాయ ఊరే టైంలో వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కి, కాయ పగిలి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టించే బూజు లోపలికి పోతుంది. తర్వాత తేమ 8, 9 శాతానికి దిగేదాకా ఎండకపోతే ఇంకా పెరుగుతుంది. విషం ఎక్కువ భాగం చెక్కలోకే పోయినా, రిఫైన్ చేయని నూనెలో కొంత మిగులుతుంది. కాబట్టి పుచ్చు, ముడత, పచ్చబూజు గింజలు ఏరి ఆడిస్తున్నారా అడగండి, వీలైతే గానుగ దగ్గర గింజల కుప్పలో చెయ్యి పెట్టి చూడండి. మడ్డి తేరని నూనె కొనొద్దు.

పసుపు పొడి లూజుగా వద్దు. కొమ్ములు కొని ఆడించుకోండి, మరీ నిగనిగలాడే కొమ్ములకు పాలిష్‌లో రంగు ఎక్కించి ఉండొచ్చు.

కొర్రబువ్వ
మీ లిస్టుకైతే నా మాట: బియ్యం, బ్యాళ్లు సీల్ ప్యాకెట్ షాపులో, కొర్రలు పీజీఎస్ ఆర్గానిక్ సంఘం దగ్గర, నూనె గానుగ చూసి. లూజు షాపాయన్ను అనుబంధం పేజీ, కొన్న బిల్లు అడగండి. చూపిస్తే ముందు 2 కేజీలు కొనండి, బిల్లు మీద "ఆర్గానిక్" అని, లాట్ నంబరు రాయించుకోండి. రాయనంటే అక్కడ మామూలు ధరకు మించి ఇవ్వకండి.